హక్కు అనే మాట: ఇస్లామీయ నీతి, వికలాంగులు, కంపెనీల దాతృత్వం

1

తెలుగు మాస్టారికి పాఠం చెప్పడం కాక మరో ఉద్యోగం కూడా ఉంటుంది. అది సన్మాన పత్రాలు రాయడం. కొన్నేళ్ల క్రితం ఒక కంపెనీ వారు మా బడి ఆవరణలో వికలాంగులకు మూడు చక్రాల సైకిళ్లు పంచారు. వారికి సమర్పించే పత్రం రాసే పని, ఎం.ఏ. తెలుగు చదివిన పాపానికి, నా మీద పడింది. కరుణామయులు, దాతృత్వ నిధులు, దీనజన బాంధవులు అంటూ నాలుగు పేరాలు రాసి ఇచ్చాను. సభ పదిన్నరకన్నారు. ముఖ్య అతిథి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అంతసేపూ సైకిళ్లు తీసుకోవలసినవారు వేదిక ముందు, ఎండలో, ఫొటోకు వీలుగా వరుసగా కూర్చున్నారు. వేదిక ఎక్కి మాట్లాడినవారు తొమ్మిదిమంది. అందులో వికలాంగుడు ఒక్కడూ లేడు. నా పత్రం చదివినప్పుడు చప్పట్లు బాగానే మోగాయి. నా దగ్గర పదో తరగతి చదివిన, రెండు కాళ్లూ పనిచేయని కుర్రాడొకడు తర్వాత నన్నడిగాడు: "సార్, వాళ్ల కంపెనీలో మాలాంటోళ్లకి ఉద్యోగాలిస్తారా?" తెలియదన్నాను. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా పత్రం రాసేటప్పుడు నాకు రాలేదు.

ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం. ఆ పత్రంలో ఎంత వెతికినా కనిపించని మాట ఒకటుంది: హక్కు. తెలుగువాడు రోజూ పలికే ఈ మాట అరబ్బీ 'హక్' నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. రైతు, కౌలు, బాకీ, వసూలు వచ్చిన దారీ అదే. అరబ్బీలో హక్ అంటే సత్యం. న్యాయంగా ఒకరికి చెందవలసినది అని కూడా అర్థం. ఆ మాట మనకు పొలం గట్ల తగాదాల్లోంచి, కచేరీ కాగితాల్లోంచి అలవాటయింది. దాని వెనుక వికలాంగుల చరిత్ర కూడా కొంత ఉందని నాకు చాలాకాలం తెలియదు.

అభ్యుదయ రచయితల పత్రికలో మతగ్రంథాల ప్రసక్తి ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. మతాన్ని నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. పీడితుల పక్షాన ఒక ఆలోచన పుట్టినప్పుడు అది ఆ కాలపు భాషలోనే పుడుతుంది. ఏడో శతాబ్దపు అరేబియాలో ఆ భాష మతం. ఆ ఆలోచన తర్వాత ఏ వర్గం చేతిలో ఏమయిందో చూడటం చరిత్ర పని. నా ప్రతిపాదన ఇంతే: వికలాంగుల పట్ల బాధ్యతను దయగా కాక హక్కుగా చూసే దృష్టి ఇస్లామీయ సంప్రదాయంలో మొదటినుంచీ ఉంది, అధికారం, ఆస్తి దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా అది దానంగా మారింది, వికలాంగులు తామే నోరు విప్పినప్పుడు మళ్లీ హక్కయింది.

2

ఖురాన్ 80వ అధ్యాయం పేరు అబస. ముఖం చిట్లించాడు అని దాని అర్థం. వ్యాఖ్యాతలు చెప్పే సందర్భం ఇది. మక్కాలో ప్రవక్త ముహమ్మద్ ఖురైష్ తెగ పెద్దలతో మాట్లాడుతున్నారు. పలుకుబడిగల ఆ ధనికులు ఒప్పుకుంటే తన బోధకు బలం వస్తుందని ఆయన ఆశ. అంతలో ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ అనే అంధుడు వచ్చి, తనకు నేర్పమని మధ్యలో అడిగాడు. ప్రవక్త ముఖం చిట్లించి అటు తిరిగారు. ఆ తిరగడాన్ని ఈ అధ్యాయం మందలిస్తుంది. తనకేమీ అక్కరలేదనుకునే సంపన్నుడి మీద శ్రద్ధ పెట్టి, తపనతో వచ్చినవాణ్ణి నిర్లక్ష్యం చేయడం తప్పని దాని సారాంశం. ముఖం చిట్లించింది ప్రవక్త కాదు, మరొకరు అని షియా వ్యాఖ్యాతలు చాలామంది అంటారు. ఎవరైనా మందలింపు మాత్రం ఒక్కటే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ అంధుడు భిక్ష కోసం రాలేదు. చదువు కోసం వచ్చాడు. అతనికి జరిగిన అన్యాయం అన్నం పెట్టకపోవడం కాదు, సంభాషణలో చోటివ్వకపోవడం. మా బడి వేదిక మీద తొమ్మిదిమంది మాట్లాడినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే.

తర్వాతి కథ ఇంకా ముఖ్యమైనది. ఇబ్న్ ఉమ్మె మక్తూమ్‌ను ఓదార్చి పంపించలేదు, పని అప్పగించారు. మదీనాలో ప్రార్థనకు పిలుపునిచ్చే బాధ్యత బానిసత్వం నుంచి విముక్తుడైన బిలాల్‌తో పాటు ఇతనిది. ప్రవక్త దండయాత్రలకు వెళ్లినప్పుడు ఒకటి కంటే ఎక్కువ సార్లు మదీనాలో తన స్థానంలో ఇతణ్ణి ఉంచి వెళ్లారని సంప్రదాయ చరిత్రలు చెబుతాయి. ఊరంతా వినే గొంతు ఒక మాజీ బానిసది, ఒక అంధుడిది కావడం ఆనాటి తెగల సమాజంలో చిన్న విషయం కాదు.

ఇక సంపద సంగతి. ఖురాన్‌లో రెండు చోట్ల, 51వ, 70వ అధ్యాయాల్లో, ధర్మపరుల సంపదలో అడిగేవాడికీ, లేమిలో ఉన్నవాడికీ ఉన్న వాటాను సూచించడానికి వాడిన మాట హక్. రెండోచోట అది నిర్ణయమైన హక్ అని మరింత గట్టిగా ఉంది. దాత మనసు కరిగితే ఇచ్చేది కాదు, ముందే తేలిన లెక్క అన్నమాట. మన పల్లె భాషలో చెప్పాలంటే బాకీ.

దీన్ని పాలనలో అన్వయించిన ఒక ఘట్టాన్ని ఎనిమిదో శతాబ్దపు న్యాయవేత్త అబూ యూసుఫ్ ఖలీఫా హారూన్ అల్ రషీద్ కోసం రాసిన పన్నుల గ్రంథంలో నమోదు చేశాడు. రెండో ఖలీఫా ఉమర్ (634–644) ఒక ఇంటి ముందు అడుక్కుంటున్న అంధుడైన ముసలివాణ్ణి చూశాడు. అతను యూదుడు. జిజియా పన్ను, లేమి, వయసు తనను ఈ స్థితికి తెచ్చాయన్నాడు. ఉమర్ అతణ్ణి ఇంటికి తీసుకువెళ్లి ఏదో ఇచ్చి, తర్వాత ప్రభుత్వ ఖజానా అధికారిని పిలిపించాడు. ఇతనినీ, ఇతనిలాంటి వారినీ చూడమన్నాడు. ఒక మనిషి యవ్వనాన్ని వాడుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదన్నాడు. అతనికీ, అతనిలాంటి వారికీ జిజియా తీసివేశాడు.

ఈ కథను ఉదారతకు ఉదాహరణగా చెబుతుంటారు. నేను మరోలా చదువుతాను. ఆ ముసలివాణ్ణి వీధికెక్కించిన కారణాల్లో ఆ రాజ్యం వేసిన పన్నే ఒకటి. కనుక ఖజానా చేసింది ఉపకారం కాదు, తాను చేసిన నష్టానికి పరిహారం. ఉమర్ మాటల్లోని తర్కం కూడా అదే: శ్రమను అనుభవించినవాడికి ఆ శ్రమ ఉడిగినప్పుడు బాధ్యత ఉంటుంది. మతం వేరైనా ఉంటుంది. యజమానికీ పనివాడికీ మధ్య బాధ్యత గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన పాత కథలు నాకు ఎక్కువ తెలియవు.

3

నీతి ఒకటి, దాన్ని నడిపే వ్యవస్థ వేరొకటి. ఉమయ్యద్ ఖలీఫా మొదటి వలీద్ (705–715) కుష్ఠురోగులకు భత్యం ఏర్పాటు చేసి అడుక్కోవద్దన్నాడనీ, నడవలేనివారికి సేవకులను, అంధులకు దారి చూపేవారిని ఇచ్చాడనీ తబరీ చరిత్ర చెబుతుంది. తర్వాతి శతాబ్దాల్లో ఈ పని ఎక్కువగా వక్ఫ్‌ల మీదికి వెళ్లింది. వక్ఫ్ చేసిన ఆస్తిని అమ్మకూడదు, పంచుకోకూడదు. దాని రాబడి పత్రంలో రాసిన ప్రయోజనానికే పోవాలి. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో కట్టించిన పెద్ద ఆసుపత్రి ఇలా నడిచిందే. ఆ పత్రం ధనిక, పేద, స్త్రీ, పురుష భేదం లేకుండా దాన్ని అందరికీ తెరిచింది. మన హైదరాబాద్‌లో ఒక పేట పేరుగా మిగిలిన దారుషిఫా కూడా ఆ ఆసుపత్రుల వంశంలోదే. 16వ శతాబ్దం చివర ముహమ్మద్ కులీ కుతుబ్ షా దాన్ని కట్టించాడు.

అయితే ఈ ధర్మం వెనుక ఆస్తి ప్రయోజనం కూడా ఉంది. సుల్తానులు మారినప్పుడల్లా అమీర్ల ఆస్తులు జప్తయ్యే కాలమది. వక్ఫ్ చేసి, దాని నిర్వహణ తన సంతానానికే రాసిపెడితే ఆస్తి నిలుస్తుంది, పుణ్యమూ దక్కుతుంది. హక్కు అనే మాట ఇక్కడ దాత పేరు కింద అణిగిపోయింది.

ఈ వ్యవస్థ సాహిత్యానికి చేసిన మేలు మాత్రం మరువలేనిది. సిరియాలోని మఅర్రా పట్టణంలో 973లో పుట్టిన అబుల్ అలా అల్ మఅర్రీకి నాలుగేళ్ల వయసులో మశూచి వల్ల చూపు పోయింది. ఆయనకు ఒక వక్ఫ్ నుంచి ఏటా ముప్పై దీనార్లు వచ్చేవనీ, అందులో సగం సేవకుడికి ఇచ్చేవాడనీ జీవితచరిత్రకారులు రాశారు. ఆ కొద్దిపాటి రాబడే ఆయనకు వెన్నెముక. కవులందరూ ప్రభువుల మీద స్తుతులు రాసి బతికే రోజుల్లో ఆయన బహుమానం కోసం స్తుతి రాయలేదు. మత పెద్దల కపటాన్ని, మూఢత్వాన్ని నిర్భయంగా ప్రశ్నించాడు. నా సన్మాన పత్రం పక్కన ఈ విషయం పెట్టి చూసుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు. 2013లో సిరియా అంతర్యుద్ధంలో మతోన్మాద సాయుధులు మఅర్రాలో ఆయన విగ్రహం తల నరికారు. వెయ్యేళ్ల తర్వాత కూడా ఆయన ఎవరికి గిట్టడో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆయన సమకాలికుడు, రాజనీతి శాస్త్రజ్ఞుడు మావర్దీ (మరణం 1058), పాలకుడికి ఉండవలసిన అర్హతల్లో కన్ను, చెవి, నోరు, అవయవాలు సవ్యంగా ఉండటాన్ని చేర్చాడు. ఆ నియమం పుస్తకంలోనే ఉండిపోలేదు. బాగ్దాదులో 934, 944, 946 సంవత్సరాల్లో ముగ్గురు అబ్బాసీ ఖలీఫాలను పదవికి పనికిరాకుండా చేయడానికి కళ్లు పొడిచారు. వారిలో మొదటివాడైన ఖాహిర్ తర్వాత మసీదులో అడుక్కున్నాడని చరిత్రకారులు రాశారు. అంధుణ్ణి మదీనా మీద తన స్థానంలో ఉంచిన సంప్రదాయమే మూడు శతాబ్దాల్లో అంధత్వాన్ని అధికారపు ఆయుధంగా వాడింది. అదే మావర్దీ కాలంలో, 1047లో, మఅర్రా మీదుగా వెళ్లిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో ఆ ఊరికి పెద్ద ఒక అంధుడని రాసుకున్నాడు. ఆ అంధుడు మఅర్రీయే. శాస్త్రం ఒప్పుకోనిదాన్ని ఊరు ఒప్పుకుంది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం కైరోలో అల్ అజహర్ పక్కన జరిగింది. 1836లో వెలువడిన ఈజిప్టు వర్ణన గ్రంథంలో ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు అక్కడి అంధుల వసతి గురించి రాశాడు. సుమారు మూడు వందలమంది, ఎక్కువగా విద్యార్థులు, ధర్మనిధుల మీద అక్కడ ఉండేవారు. ఆ వసతి పెద్ద ఒకసారి వారిని కొరడాతో కొట్టించాడు. వారు ఊరుకోలేదు. అతణ్ణి పట్టుకుని కట్టేసి తిరిగి కొట్టారు. ఆ పెద్ద పదవి వదులుకునేదాకా వెనక్కి తగ్గలేదు. లేన్ దీన్ని వారి దుడుకుతనానికి నిదర్శనంగా రాశాడు. మనం దాన్ని మరో పేరుతో పిలవాలి. ధర్మసత్రంలో తిన్నంత మాత్రాన దెబ్బలు తినవలసిన పనిలేదని తెలిసినవారి సంఘటిత చర్య అది.

అదే అజహర్‌కు 1902లో ఎగువ ఈజిప్టు పల్లె నుంచి తాహా హుసేన్ వచ్చాడు. పసితనంలో కంటి జబ్బుకు మంగలి చేసిన వైద్యం వల్ల చూపు పోయినవాడు. ప్రవేశ పరీక్షలో తనను పేరుతో కాక గుడ్డివాడా అని పిలిచిన పిలుపు ఎంత లోతుగా గుచ్చుకుందో ఆత్మకథ 'అల్ అయ్యాం'లో రాశాడు. 1914లో డాక్టరేటు పట్టా కోసం ఆయన ఎంచుకున్న విషయం అబుల్ అలా మఅర్రీ కావడం యాదృచ్ఛికం కాదు. 1950లో విద్యామంత్రి అయ్యాక మాధ్యమిక విద్యను ఉచితం చేశాడు. చదువు కోసం వచ్చి పక్కన పెట్టబడ్డ అంధుడి కథ అబస అధ్యాయంలో మొదలైంది. అంధుడు అందరి చదువుకూ బాధ్యుడు కావడం దాని సహజమైన పరిణతి అని నేననుకుంటాను.

4

ఇప్పుడు వక్ఫ్ చేసిన అమీరు స్థానంలోకి కంపెనీ వచ్చింది. సంపద దాని చేతిలో ఉంది కనుక ధర్మమూ దాని చేతిలోకే వెళ్లింది. కంపెనీకీ వికలాంగుడికీ ఉన్న అసలు సంబంధం ఏమిటో చూపే ఘట్టం బంగ్లాదేశ్‌లో జరిగింది. జనాభాలో అత్యధికులు ముస్లింలైన దేశం. హక్ అనే మాట అక్కడి బంగ్లా భాషలోనూ ఉంది.

ఢాకా దగ్గర సావర్‌లో రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం. అందులో ఐదు దుస్తుల ఫ్యాక్టరీలు. 2013 ఏప్రిల్ 23న గోడలకు పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టుపని కార్మికులను మాత్రం మర్నాడు లోపలికి పంపారు. 24 ఉదయం భవనం కూలింది. 1,134 మంది చనిపోయారు. సుమారు రెండున్నర వేలమంది గాయపడ్డారు. వీరిలో ఎక్కువమంది స్త్రీలు. శిథిలాల కింద ఇరుక్కున్న కొందరిని కాళ్లో చేతులో అక్కడికక్కడే నరికి బయటికి తీయవలసి వచ్చింది. ఇక్కడ వైకల్యం విధి ఇచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది కాదు. ఐరోపా, అమెరికా దుకాణాల్లో చవకగా అమ్మే చొక్కా దాన్ని తయారుచేసింది.

అప్పటి బంగ్లాదేశ్ కార్మిక చట్టం ప్రకారం శాశ్వత సంపూర్ణ వైకల్యానికి యజమాని ఇవ్వవలసిన పరిహారం 1,25,000 టాకాలు. 2018 సవరణతో అది 2,50,000 అయింది. చట్టం సరిపోదని తేలాక అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వహణలో ఒక నిధి ఏర్పడింది. దాని పేరులోనే ఉంది అసలు సంగతి: దాతల నిధి. ఆ భవనంలో దుస్తులు కుట్టించుకున్న కంపెనీలు దానిలో వేసిన డబ్బు స్వచ్ఛందం, చట్టబద్ధమైన బాధ్యతకు ఒప్పుకోలు కాదు. మూడు కోట్ల డాలర్ల లక్ష్యం 2015 జూన్‌లో గానీ పూర్తికాలేదు. చెయ్యి పోయిన కుట్టుపని మనిషి తనకు రావలసిన బాకీ కోసం రెండేళ్లు దాతల మనసు కరగడానికి ఎదురుచూసింది. ఉమర్ కథలోని ముసలివాణ్ణి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. యవ్వనం వాడుకున్నదెవరో అందరికీ తెలుసు; ఖజానా తలుపు మాత్రం దయ పేరుతోనే తెరుచుకుంది. 2022లో అక్కడ మొదలైన పని ప్రమాదాల బీమా ప్రయోగంలో కూడా కొనుగోలు కంపెనీల వాటా స్వచ్ఛందమే.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా అక్కడే ఉంది. 2013 మే నెలలో అంతర్జాతీయ కార్మిక సంఘాలు పెద్ద కంపెనీల చేత సంతకం చేయించిన ఫ్యాక్టరీ భద్రతా ఒప్పందం చట్టబద్ధంగా కట్టుబడేది. ఒకే దుర్ఘటన, అవే కంపెనీలు. కార్మికులు బల్లకు అవతలి వైపు కూర్చున్న చోట ఒప్పందం పుట్టింది, కూర్చోని చోట దానం మిగిలింది.

మన దేశానికి వద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. జకాత్ లెక్క రెండున్నర శాతం. అది ఏడాదిపాటు చేతిలో నిలిచిన సంపద మీద. అంకెలు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకోకూడదు. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. కంపెనీ చట్టం పనుల జాబితా ఇచ్చి, ఎవరికి, ఎక్కడ అనే ఎంపికను కంపెనీకే వదిలింది. సొంత ఉద్యోగుల మేలుకు పెట్టిన ఖర్చు ఈ లెక్కలోకి రాదు. అది సరైనదే, జీతాన్నీ పరిహారాన్నీ ధర్మఖాతాలో రాయకూడదు. కానీ దాని ఫలితం చూడండి. గేటు బయట సైకిళ్లు పంచితే పుణ్యం లెక్కకొస్తుంది. గేటు లోపల వాలుదారి కట్టి ఆ సైకిలు మీద వచ్చినవాడికి ఉద్యోగమిస్తే ఆ పద్దులో ఏమీ పడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ప్రైవేటు కంపెనీల విషయంలో కనీసం ఐదు శాతం తీసుకునేలా ప్రభుత్వం ప్రోత్సాహకాలివ్వాలని చెప్పి ఊరుకుంది. ప్రభుత్వానికి విధి, పెట్టుబడికి బుజ్జగింపు. మా కుర్రాడి ప్రశ్నకు జవాబు ఈ రెండు వాక్యాల మధ్య సందులో ఉంది.

5

ఇందులో రచయితల పని ఏమిటి? మన పని మాటలతో కనుక మాటల దగ్గరే మొదలుపెట్టాలి. మన కావ్యాలకు దాతల పేర్లు బాగా తెలుసు: శిబి, బలి, కర్ణుడు. పుచ్చుకున్నవారెవరు? ఇంద్రుడు, అగ్ని, వామనుడు. ప్రతిసారీ మారువేషంలో ఉన్న దేవుళ్లే. నిజంగా లేనివాడు, కాలు లేనివాడు, కన్ను లేనివాడు ఆ కథల్లో చేయి చాచడు. తీసుకునేవాడు దేవుడైతే తప్ప కథ ఉదాత్తం కాదన్నమాట. ప్రభుత్వ కాగితాల్లోకి వచ్చిన 'దివ్యాంగులు' అనే మాటలో నాకు ఈ పాత రోగమే కనిపిస్తుంది. దేవుడితో పోల్చి మొక్కితే లెక్క అడగవలసిన మనిషి కనిపించకుండా పోతాడు. వికలాంగుల సంఘాలు కొన్ని ఆ మాటకు అభ్యంతరం చెప్పడంలో ఆశ్చర్యమేముంది? తమకు తాము పెట్టుకున్న పేర్లలో వారు వేసుకున్న మాట ఏదో చూడండి: వికలాంగుల హక్కుల పోరాట సమితి, వికలాంగుల హక్కుల జాతీయ వేదిక. పద్నాలుగు వందల ఏళ్ల ప్రయాణం చేసి వచ్చిన ఆ అరబ్బీ మాట వారి చేతిలో మళ్లీ తన అసలు అర్థం తెచ్చుకుంది.

కనుక కంపెనీల దాతృత్వం మీద రాసే ప్రతి వార్తనూ, కథనూ, సన్మాన పత్రాన్నీ మనం ఒక ప్రశ్నతో చదవాలి. ఇందులో మాట్లాడుతున్నదెవరు? ఇబ్న్ ఉమ్మె మక్తూమ్‌కు గొంతు ఉందా, లేక ఖురైష్ పెద్దలే ఇంకా మాట్లాడుతున్నారా? మన కథల్లో వికలాంగుడు జాలి పుట్టించడానికి, నాయకుడి మంచితనం చూపించడానికి వచ్చి పోతున్నంతకాలం మనమూ ఆ వేదిక మీది పదో వక్తలమే.

ఈ మధ్య అలాంటి పత్రం రాయమని మళ్లీ అడిగారు. రాయనని చెప్పలేదు. మూడు వివరాలు కావాలన్నాను: ఆ సంస్థలో వికలాంగులైన ఉద్యోగులెందరు, వారి కార్యాలయానికి చక్రాల కుర్చీ వెళ్లే దారి ఉందా, సభలో సైకిలు తీసుకునేవారి తరఫున మాట్లాడేదెవరు. కనుక్కుని చెబుతామని వెళ్లారు. పత్రం ఇంకెవరో రాశారు.